అభిమాన రచయిత ఫాంటసీ నవలకు రెండో భాగం చేతికి వచ్చినప్పుడు ఎలా చదవాలి?

ఒక ఫాంటసీ నవల మనసుకు బాగా పట్టి, దానికి అదే రచయిత రాసిన రెండో భాగం ఇంటికి వచ్చిందంటే, చాలామంది పాఠకులు ఆ రాత్రే చదవడం మొదలుపెడతారు. ఆ ఆత్రం సహజమైనదే. అయితే మొదటి భాగం చదవడం వేరు, రెండో భాగం చదవడం వేరు. మొదటి భాగం ఏమీ తెలియని మనల్ని చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళుతుంది. రెండో భాగం మాత్రం మనకు చాలా సంగతులు గుర్తున్నాయని నమ్మి కథ ఎత్తుకుంటుంది. ఆ నమ్మకానికి తగినట్టు మనం సిద్ధపడి ఉండకపోతే మంచి పుస్తకం కూడా చప్పగా తోస్తుంది, నేరం రచయిత మీద పడుతుంది. తిరుపతిలో, చిత్తూరులో ఇంగ్లీషు ఫాంటసీ నవలలు ఇష్టంగా చదివే విద్యార్థులూ ఉద్యోగులూ నాకు చాలామంది తెలుసు. వారిలో ఎక్కువమంది నోట వినే మాట ఒక్కటే: మొదటిది బ్రహ్మాండంగా ఉంది, రెండోది ఎక్కలేదు. ఆ మాట అనేముందు ఒకసారి పాటించి చూడవలసిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, చేతిలో ఉన్నది ఏ రకమైన రెండో భాగమో తెలుసుకోవాలి. ఒకే కథను అచ్చు సౌకర్యం కోసం విడదీసిన సంపుటాలు కొన్ని ఉంటాయి. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువడింది గాని, ఆయన దాన్ని ఒకే నవలగా రాశారు. కాబట్టి దాని రెండో సంపుటంలో కొత్త ఆరంభం కోసం ఎదురుచూడకూడదు, మొదటిది ముగించిన మరునాడే అందుకోవాలి. మరికొన్ని రెండో భాగాలు అదే లోకంలో ఇంకొకరి కథ చెబుతాయి. ఇంకా కొన్ని వెనక్కి నడుస్తాయి: సి.ఎస్. లూయిస్ నార్నియా వరుసలో 1955లో ఆరో పుస్తకంగా వచ్చిన ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’ కథాకాలాన్ని బట్టి చూస్తే అన్నిటికన్నా మొదటిది. ఇలాంటి సందర్భంలో ఏది ముందు చదవాలనే వాదం పాఠకుల్లో ఎప్పటినుంచో ఉంది. నా మట్టుకు నేను అచ్చయిన వరుసనే నమ్ముతాను, ఎందుకంటే రచయిత తన రహస్యాలను విప్పిన క్రమం అదే, ఆ క్రమం తప్పితే మొదటి పుస్తకంలోని ఆశ్చర్యం కొంత ముందే ఖర్చయిపోతుంది. పుస్తకం మొదట్లో ప్రచురణ వివరాలున్న పేజీనీ, అదే రచయిత ఇతర రచనల పట్టికనూ రెండు నిమిషాలు చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తిరుపతి పుస్తకాల దుకాణాల్లో పోటీ పరీక్షల పుస్తకాలకూ భక్తి గ్రంథాలకూ ఉన్నంత చోటు ఇలాంటి నవలలకు ఉండదు గనుక, మనలో ఎక్కువమంది ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, లేదా చెన్నైకి వెళ్ళేవారి చేత తెప్పించుకుంటారు. ఒకే నవల రెండు దేశాల్లో రెండు పేర్లతో అచ్చయిన సందర్భాలు ఉన్నాయి. ఫిలిప్ పుల్‌మన్ 1995 నవల బ్రిటన్‌లో ‘నార్తర్న్ లైట్స్’, అమెరికాలో ‘ది గోల్డెన్ కంపాస్’. రెండూ వేర్వేరు భాగాలనుకుని డబ్బు కట్టకుండా, వరుస సంఖ్య చూసుకుని తెప్పించుకోవాలి.

ఇక అసలు సిద్ధపాటు. మొదటి భాగం మొత్తం మళ్ళీ చదవగలిగితే అంతకన్నా కావలసింది లేదు, కాని ఏడెనిమిది వందల పేజీల పుస్తకాన్ని మళ్ళీ చదివే తీరిక అందరికీ ఉండదు. అప్పుడు మూడు చోట్లు చదివితే చాలు: మొదటి అధ్యాయం, చివరి రెండు అధ్యాయాలు, మనకు ఆ పుస్తకం మీద ప్రేమ కలిగించిన అధ్యాయం. మొదటి అధ్యాయంలో రచయిత ఏ మాట ఇచ్చి కథ మొదలుపెట్టాడో కనిపిస్తుంది, చివర్లో ఏది చెల్లించాడో, ఏది చెల్లించకుండా ఉంచుకున్నాడో తెలుస్తుంది. ఈ రెంటి మధ్య తేడాయే రెండో భాగానికి మూలధనం. అందుకే నేను దాన్ని బాకీల పట్టీ అంటాను. ఒక తెల్లకాగితం తీసుకుని, వెనుకటి పత్రికల్లో ధారావాహికకు ముందు వేసే ‘జరిగిన కథ’లాగా పది పన్నెండు వాక్యాల్లో కథ రాసుకుని, దాని కింద తీరని బాకీలు రాయాలి. నెరవేరని జోస్యం, ఎవరి చేతికో చేరి మళ్ళీ కనిపించని వస్తువు, శవం దొరకకుండానే చనిపోయాడని అందరూ అనుకున్న మనిషి, ఒకసారి మాత్రమే పేరు వినిపించిన ఊరు, ఎవరో ఎవరికో చేసిన ప్రమాణం, ఇవన్నీ ఆ పట్టీలోకి రావాలి.

ఇది ఎంత ఉపయోగపడుతుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను, ఉర్సులా కె. లె గ్విన్ ‘ఎర్త్‌సీ’ నవలలు చదవనివారు ఈ పేరా, దీని తరువాతి పేరాలో ‘అటువాన్’ ప్రస్తావన దాటి ముందుకు వెళ్ళవచ్చు. 1968లో వచ్చిన మొదటి నవలలో గెడ్ అనే యువ మాంత్రికుడు తన చేతుల మీదుగా లోకంలోకి వచ్చిన ఒక నీడను వెంటాడుతూ, పడవ పగిలి సముద్రంలోని చిన్న ఇసుకదిబ్బకు కొట్టుకువస్తాడు. అక్కడ ఇద్దరు ముసలివాళ్ళు, చిన్నతనంలోనే ఎవరో వదిలేసి వెళ్ళిన అన్నాచెల్లెళ్ళు, మనిషి జాడ లేకుండా బతుకుతూ ఉంటారు. ఆ ముసలామె తన పసితనపు పట్టుగౌను, ముత్యాలు కుట్టినది, అతడికి చూపించి, విరిగిన ఉంగరపు ముక్క ఒకటి చేతిలో పెడుతుంది. కథ మంచి వేగం మీద ఉన్న చోట వచ్చే ఈ సంఘటనను చాలామంది గబగబా దాటేస్తారు, పుస్తకం ముగిసేసరికి మరిచిపోతారు. 1971 నాటి రెండో నవల ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ మొత్తం ఆ ముక్క మీదే నిలబడి ఉంది. ఆ ఇసుకదిబ్బనూ ఆ గౌనునూ గుర్తుపెట్టుకుని వచ్చిన పాఠకుడికి రెండో భాగంలో ఉంగరం ప్రసక్తి వచ్చిన క్షణాన ఒళ్ళు ఝల్లుమంటుంది. మరిచిపోయి వచ్చినవారికి అది మామూలు మంత్రపు వస్తువుల్లో ఒకటి. రెండు అనుభవాల మధ్య ఉన్న దూరం ఒక్క కాగితపు పట్టీతో తీరిపోతుందంటే, ఆ పావుగంట శ్రమ ఎవరైనా పడవచ్చు.

పట్టీ తయారయ్యాక వెంటనే చేయవలసిన పని, మన కోరికలను దాని నుంచి వేరు చేయడం. ‘వీళ్ళిద్దరికీ పెళ్ళి కావాలి’, ‘ఆ రాజు మళ్ళీ రావాలి’ అన్నవి మన కోరికలు. రచయిత మనకు బాకీ ఉన్నది కథలో తాను పెట్టిన ముడులు విప్పడమే తప్ప, మొదటి భాగం చదివినప్పుడు మనకు కలిగిన సంతోషాన్ని మళ్ళీ అచ్చంగా అదే రూపంలో తెచ్చి ఇవ్వడం కాదు. ఇది మనసులో గట్టిగా నాటుకోకపోతే మొదటి వంద పేజీల్లోనే అలక మొదలవుతుంది. పైన చెప్పిన అటువాన్ కథలో ఎన్నో పేజీల దాకా గెడ్ కనిపించడు. చీకటి సమాధుల ఆలయంలో పూజారిణిగా పెంచిన ఒక బాలిక జీవితమే మన ముందు నడుస్తూ ఉంటుంది. నాయకుడు ఎప్పుడొస్తాడా అని పేజీలు తిప్పేవారు ఆ బాలిక ఒంటరితనాన్ని చూడలేరు, చూడనందువల్ల ఆ తరువాత జరిగే దానిలో సగం బరువు వారికి తెలియదు. కాబట్టి రెండో భాగంలో కొత్త మనిషి ఎదురైతే, మొదటి భాగంలో మనం నాయకుణ్ణి తొలిసారి కలిసినప్పుడు ఇచ్చినంత ఓపిక ఆ మనిషికీ ఇవ్వాలి. పుస్తకంలో నాలుగో వంతు పూర్తయ్యేవరకు బాగుందని గాని బాగాలేదని గాని ఎవరికీ చెప్పకుండా ఉండడం మంచిది, ఎందుకంటే ఒకసారి నోటితో అన్న అభిప్రాయాన్ని నిలబెట్టుకోవడానికే ఆ తరువాత చదువుతాం.

పేర్ల విషయం చాలామంది తేలికగా తీసుకుంటారు. కంటితో చూసి దాటేసిన పేరు గుర్తుండదు, నోటితో పలికిన పేరే గుర్తుంటుంది. పట్టీ వెనుకవైపు ముఖ్యమైన పేర్లను తెలుగు లిపిలో రాసుకుంటే ఉచ్చారణ ఒకచోట స్థిరపడుతుంది. ఎలా పలకాలో రచయితే చెప్పిన చోట ఆయన మాటే వినాలి: టోల్కీన్ మూడో సంపుటం చివర ఉన్న అనుబంధంలో, తన భాషల్లో ‘సి’ అనే అక్షరం ఎప్పుడూ ‘క’గానే పలుకుతుందని చెప్పారు గనుక ఆయన పాత్ర పేరును ‘సెలెబోర్న్’ అని కాక ‘కెలెబోర్న్’ అనే రాయాలి. అలాగే మొదటి భాగంలోని పటాన్ని విశ్వవిద్యాలయం ఎదుటి వీధుల్లో ఏ జిరాక్స్ దుకాణంలోనైనా పెద్దది చేయించి తెచ్చుకుని, మొదటి కథ నడిచిన దారిని పెన్సిలుతో గీసి పెట్టుకోవాలి. రెండో భాగం చాలాసార్లు ఆ గీత వెళ్ళని మూలనే మొదలవుతుంది.

ఎప్పుడు చదవాలన్నది తిరుపతివారికి ప్రత్యేకంగా ఆలోచించవలసిన సంగతి. దర్శనానికి వచ్చే చుట్టాలు మన ఇళ్ళకు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు, బ్రహ్మోత్సవాల రోజుల్లోనైతే చెప్పనే అక్కరలేదు. వారిని ఆదరించడం మన సంతోషమే గాని, ఆ రోజుల్లో రెండో భాగం మొదలుపెట్టడం పుస్తకానికి అన్యాయం. మధ్యలో ఆగిపోయినా ఫరవాలేదు, మొదలుపెట్టడం మాత్రం తెగకుండా సాగాలి. మొదటిసారి కూర్చున్నప్పుడు కనీసం రెండు గంటలు లేవకుండా చదవాలని నా సలహా, ఎందుకంటే పాత లోకం మనసులో మళ్ళీ నిలబడడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది, రోజుకు పది పేజీల చొప్పున మొదలుపెడితే అది నిలబడకముందే చెదిరిపోతుంది. హైదరాబాదు వెళ్ళే రాత్రి రైలు ఇందుకు బాగా పనికివస్తుంది. సాయంత్రం ఎక్కితే దీపాలు ఆర్పేవరకు ఎవరూ లేపరు. ఇంట్లోనే చదివేవారు ఫోన్‌ను వేరే గదిలో పెట్టి, తెల్లవారుజామున, ఎండ ముదరక ముందు కూర్చుంటే మంచిది. పడక మీద రాత్రి పదకొండు తరువాత మొదలుపెట్టిన పుస్తకంలో తొలి అధ్యాయం ఎప్పుడూ సగమే గుర్తుంటుంది.

చదువుతున్నప్పుడు రచయిత పాత సంగతులను మళ్ళీ చెప్పే చోట్లు వస్తాయి. తెలిసిందే కదా అని వాటిని వదిలేయకూడదు. మంచి రచయిత గుర్తుచేస్తున్నట్టే కనిపిస్తూ ఏదో ఒక వివరాన్ని కొంచెం పక్కకు జరుపుతాడు: మొదటి భాగంలో ధైర్యమని చెప్పిన దాన్ని ఇక్కడ ఎవరో మొండితనమంటారు, అక్కడ ప్రమాదంగా చెప్పిన మరణాన్ని ఇక్కడ ఎవరో అనుమానిస్తారు. అలాంటి చోట పెన్సిలుతో అంచున చిన్న గీత పెట్టుకుంటే చాలు.

రెండో భాగంలో మనకిష్టమైన మనుషులు అసలే కనిపించకపోవచ్చు, దానికి కారణం కథలో కాక కూర్పులో ఉండవచ్చు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ తన ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ వరుసలోని నాలుగో పుస్తకం మితిమీరి పెరిగిపోవడంతో మనుషుల వారీగా, ప్రాంతాల వారీగా రెండుగా విడదీశారు. అందువల్ల 2005లో వచ్చిన పుస్తకంలో జాన్, టిరియన్, డెనేరిస్ అనే ముఖ్యపాత్రల వంతు అధ్యాయాలు లేవు. అవే రోజుల్లో వారికేం జరిగిందో 2011లో వచ్చిన తరువాతి పుస్తకంలో గాని చదవలేం. ఈ సంగతి తెలియకుండా చదివితే రచయిత వారిని మరిచిపోయాడేమో అనిపిస్తుంది. రచయిత మనవి వంటిది పుస్తకం చివర ఉంటే, కథ బయటపెట్టదని తేల్చుకుని ముందుగా చూడడం మేలు.

అన్నిటికన్నా కష్టమైనది, రచయితే మారిపోయి తిరిగివచ్చిన సందర్భం. లె గ్విన్ 1972లో మూడో నవలతో ఎర్త్‌సీ వరుస ముగించినట్టే ముగించి, 18 ఏళ్ళ తరువాత 1990లో ‘తెహాను’తో మళ్ళీ వచ్చారు. అందులో అటువాన్ కథలో మనం చిన్నపిల్లగా ఎరిగిన పూజారిణి టెనార్ నడివయసు వితంతువు, పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. మహామంత్రాల చోట మేకల కాపరితనం, వంట, పొలం పని, కాలిన గాయాలతో ఆమె పంచన చేరిన ఒక పసిబిడ్డ. సాహసాల కోసం వచ్చినవారికి ఇది నిరాశ కలిగించింది, నాకు మాత్రం ఆ వరుసలో అన్నిటికన్నా దగ్గరైన పుస్తకం ఇదే. ఇలాంటి రెండో భాగాన్ని చదివేముందు రెండు పుస్తకాల మధ్య ఎన్నేళ్ళు గడిచాయో లెక్కవేసి, అన్నేళ్ళలో మనం ఎంత మారామో ఆలోచిస్తే చాలు, రచయితకు కూడా ఆ హక్కు ఉందని ఒప్పుకోవడం కష్టమనిపించదు. తెలుగువారికి ఇది కొత్త పాఠమేమీ కాదు. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపిన భారతాన్ని 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు రాశాడు, మధ్యలో మిగిలిపోయిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. నన్నయ ప్రసన్నమైన కథనం వేరు, పాత్రల మాటల్లోనే కథను నడిపించే తిక్కన నాటకీయత వేరు. తిక్కన నన్నయలాగా రాయలేదని మనం ఏనాడూ కినుక వహించలేదు. రాబర్ట్ జోర్డాన్ 2007లో మరణించాక ఆయన రాసిపెట్టుకున్న కాగితాల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ చివరి మూడు సంపుటాలను 2009, 2010, 2013 సంవత్సరాల్లో పూర్తిచేసినప్పుడు కూడా, ఎర్రన పూరణం ఎరిగిన పాఠకుడు గొంతు మారిందని ఉలిక్కిపడకుండా కథ ఎలా నిలబడిందన్నదే చూడగలడు.

చదవడం పూర్తయ్యేవరకు పాత్రల పేర్లను ఇంటర్నెట్‌లో వెతకకూడదు. పేరు సగం కొట్టగానే కింద వచ్చే సూచనల్లోనే ఆ మనిషి మరణం బయటపడుతుంది. అవసరమైతే ఎలక్ట్రానిక్ ప్రతిలో ఉన్న వెతుకులాట సౌకర్యంతో మొదటి భాగంలోనే ఆ పేరు వెతుక్కోవాలి. ఇంట్లో ఇద్దరు చదువుతుంటే ముందున్నవారు వెనకున్నవారి అధ్యాయం దాటి మాట్లాడకూడదన్న నియమం పెట్టుకోవడం మంచిది. “అక్కా, ఆ ముసిలాయన చచ్చిపోతాడా?” అని మా తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగితే, “నువ్వు పదో అధ్యాయం దాటినాక అడగరా, అప్పుడు చెప్తా” అనడమే నా జవాబు. అవునని గాని కాదని గాని అనకుండా ముఖం మామూలుగా పెట్టుకోవడం కూడా అందులో భాగమే; నవ్వినా తెలిసిపోతుంది.

పుస్తకం ముగించిన రాత్రే తీర్పు ఇవ్వకుండా, ముందు బాకీల పట్టీ తీసి తీరినవాటిని కొట్టివేయాలి. ఆ తరువాత మొదటి భాగంలో ఏ సంఘటనకు అర్థం మారిందో దాన్ని మళ్ళీ చదవాలి. ఈ పనిని టోల్కీన్ తన పుస్తకం మీదే చేశారు. 1937లో వచ్చిన ‘ది హాబిట్’లో గొల్లుమ్ అనే పాత్ర పొడుపుకథల పందెంలో తన ఉంగరాన్నే పణంగా పెట్టడానికి ఇష్టపడతాడు, దాని తరువాతి కథ ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో ఆ ఉంగరం ఎవరూ చేజేతులా వదులుకోలేని భయంకరమైన వస్తువుగా ఎదిగింది గనుక, 1951 నాటి ముద్రణలో ఆ అధ్యాయాన్ని మార్చి రాశారు. రెండో భాగం మొదటి భాగాన్ని ఎంతగా మార్చగలదో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు.

ఇంత ఓపికగా చదివినా నచ్చని రెండో భాగాలు ఉంటాయి, వాటిని నచ్చలేదనడానికి సంకోచించనక్కరలేదు. పాత బాకీ ఒక్కటీ తీర్చకుండా కొత్తవి మాత్రమే చేసిన పుస్తకం, మొదటి భాగంలో పాత్రలు కష్టపడి నేర్చుకున్నదాన్ని రెండో భాగం కోసం మరిచిపోయేలా చేసిన పుస్తకం, ఇబ్బంది వచ్చినప్పుడల్లా మంత్రానికి ఉన్న కట్టుబాట్లను సడలించే పుస్తకం, ఈ మూడూ నిజమైన లోపాలు. ఇందులో రెండు కనబడితే సగంలో ఆపివేయవచ్చు. అభిమాన రచయిత అన్న మొహమాటం పనికిరాదు. ఆయన మంచి పుస్తకం అలమరలో అలాగే ఉంటుంది.

నచ్చిన పక్షంలో మూడో భాగం కోసం ఎదురుచూపు మిగులుతుంది. తీరని బాకీలతో ఉన్న కాగితాన్ని రెండో భాగం వెనుక అట్టలో పెట్టి, ఆ వ్యవధిలో అదే లోకం గురించి రచయిత రాసిన చిన్న కథలేమైనా ఉన్నాయేమో చూడాలి. ఎర్త్‌సీ విషయంలోనైతే మొదటి నవలకన్నా ముందే, 1964లో, రెండు కథలు పత్రికలో అచ్చయ్యాయి: ‘ది వర్డ్ ఆఫ్ అన్‌బైండింగ్’, ‘ది రూల్ ఆఫ్ నేమ్స్’. రెండూ ఒక్క సాయంత్రంలో చదవగలిగినవే, ఆ లోకంలో నిజనామానికి ఉన్న శక్తి ఎక్కడ మొదలైందో వాటిలో కనిపిస్తుంది.